నడిమి బంతి

“ఏటి బావా, మళ్లీ నా బంతే లాక్కున్నావు!”

విజయనగరం క్లబ్బులో జంటల టెన్నిస్ పోటీ. బట్టల కొట్టు రమేష్‌బాబు బంతిని వలకు కొట్టి, నేరమంతా ఆమెదే అన్నట్లు భార్య హైమ వంక చూశాడు. ఇంకొక్క పాయింటు పోతే ఓటమే.

“నువ్వు అందుకోలేవని వొచ్చేనే.”

“నడిమి బంతి నీకు ఎడం పక్క, నాకు కుడి పక్క. ఎవరికి సులువో నువ్వే సెప్పు. కొట్లో నేను సీర సూపిస్తంటే బేరంలో దూరతావా?”

“దూరితే సంపేస్తావు కదేటి!”

“ఇక్కడా అదే న్యాయం. ఇంకొక్కపాలి అడ్డొస్తే, రేపట్నించి మీ సెల్లి ఝాన్సీతో ఆడతాను. నువ్వు గోడతో ఆడుకో.”

వలకు అవతల ప్రత్యర్థి భీమశంకరరావు నవ్వాపుకుంటూ సర్వీసు చేశాడు. హైమ తిప్పికొట్టిన బంతి తిరిగి సరిగ్గా దంపతుల నడుమకే వచ్చింది. వల దగ్గరున్న రమేష్‌బాబు రాకెట్టు అలవాటు కొద్దీ పైకి లేచింది. అతడు పళ్లు బిగబట్టి, దానిని పొట్టకు అదుముకుని పక్కకు తప్పుకున్నాడు.

వెనుక ఠప్పుమని చప్పుడైంది. బంతి ప్రత్యర్థులిద్దరి మధ్య నుంచి దూసుకుపోయి, గీతకు లోపలే పడింది. భీమశంకరరావు కదలనైనా లేదు.

రమేష్‌బాబు నోరు వెళ్లబెట్టాడు. “ఈ దెబ్బ ఎప్పుడు నేర్సుకున్నావే?”

“నాలుగేళ్ల బట్టీ వొచ్చు బావా. నిన్ను దాటి బంతిని నా దాకా ఏనాడు రానిచ్చేవు?”

అతడు మొట్టమొదటిసారిగా కోర్టులో తన సగంలోకి వెళ్లి కుదురుగా నిలబడ్డాడు.