రెండు రోజుల బస

“అక్క ఇల్లుండగా హోటలేమిటి? పరువు పోదూ?” అన్నాడు భర్త.

ఆమె కుట్టుమిషన్ ఆపి కత్తెర బల్ల మీద విసిరికొట్టింది. “పోనీండి! ఏడాదికోసారి ఊరు చూద్దామని వెళ్లి, రెండు రోజులూ మీ అక్క వంటింట్లో చాకిరీ చెయ్యాలా? మీరేమో సోఫాలో కాళ్లు చాపుకుంటారు!”

“ఆ మాట అక్కకి నువ్వే చెప్పుకో” అంటూ అతను ఫోన్ కలిపిచ్చాడు.

“వదినా, ఈసారి హోటల్లో దిగుతాం” అంది, తిట్లు తినడానికి సిద్ధపడి.

అవతల వదిన గొంతు తగ్గించింది. “గదిలో ఇంకో మంచం వేయించవే. నేనూ వచ్చేస్తా. ఈ వంటింట్లో చచ్చిపోతున్నా.”

వండిపెట్టడమంటే వదినకి సరదా అని ఇన్నేళ్లూ అనుకుంది ఆమె. కోపం ఇంకాస్త పెరిగింది, వదిన మీద కాదు.

ఫోన్ పెట్టేసి భర్తతో అంది: “హోటల్లో వదినా నేనూ ఉంటాం. మీరు మీ అక్క ఇంట్లోనే దిగండి. మీ బావగారూ మీరూ వండుకు తినండి.”