ఫోన్లో మర్యాద

ఫోన్లన్నిటికీ మర్యాద యంత్రం తగిలించాక, మా రొయ్యల ఫ్యాక్టరీలో ఎవరెంత తిట్టినా, ఏడ్చినా అవతలివాళ్ళకి తియ్యగానే వినపడుతుంది. మొదట్లో హాయిగానే ఉండేది.

ఇవాళ అమ్మోనియా లీకైంది. ప్యాకింగ్ ఆడవాళ్ళందరినీ గేటు బయటికి తోలి, పైఅంతస్తులో ఉండిపోయిన మేనేజర్ సోమరాజు గారికి ఫోన్ చేశాను.

"సార్, ముందు మెట్లనిండా గ్యాసే! వెనక తలుపు తీసుకుని దిగిపోండి!" అని అరిచాను.

"చాలా సంతోషం వరాలమ్మా. ఇక్కడ గాలి కొంచెం ఘాటుగా ఉంది, అంతే" అన్నారు నింపాదిగా.

"ఈ మర్యాద తగలెయ్య! పరిగెత్తండి సార్!"

"తలుపు విషయంలో మీ సహకారం కోరుతున్నాను. తొందరేం లేదు."

తలెత్తి చూశాను. పైన ఆయన రెండు చేతులతో కిటికీ అద్దాన్ని బాదుతున్నారు.