చిన్నపిల్లలు కూడా నొక్కే బటన్

మా మేనేజరు దృష్టిలో ఎక్సెల్ షీటంటే ఉత్త గళ్ళ కాగితం. అడుగున మొత్తం కనిపిస్తున్నా నమ్మడు. ప్రింటు తీయించి, జేబులోని కాలిక్యులేటర్‌తో మళ్ళీ కూడుకుంటాడు. ఇలాంటివాడి కింద పనిచేయడం నా ఖర్మ.

రోజూ ఆఫీసు తెరవగానే వచ్చి నిలబడతాడు. "బాబూ, నిన్నటి అమ్మకాలు డేటాబేస్‌లోంచి షీట్లోకి లాగాలి కదా, ఎంతసేపు పడుతుంది?"

"చాలా పెద్ద క్వెరీ సార్. మధ్యాహ్నం అవుతుంది."

పాపం, నా పనికి అడ్డు రాకూడదని పిల్లిలా అడుగులేస్తూ వెళ్ళిపోతాడు.

ఇవాళ మాత్రం కదల్లేదు. మీటింగు మొదలైపోయిందట, అంకెలు ఇప్పుడే కావాలట. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ మొద్దు బుర్రకి ఒక్క ముక్కైనా ఎక్కిద్దామని మౌస్ ఆయన చేతిలోనే పెట్టాను.

"అదుగో, రిఫ్రెష్ అని ఉంది చూడండి. నొక్కండి సార్, చిన్నపిల్లలు కూడా నొక్కుతారు!"

నొక్కాడు. రెప్పపాటులో నిన్నటి అమ్మకాలన్నీ వచ్చి గళ్ళలో కూర్చున్నాయి.

ఆయన తెర వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు.

"ఇంతేనా బాబూ?" అంటూ జేబులోంచి కాలిక్యులేటర్ తీశాడు. "నువ్విక్కడ చేరి ఎన్నేళ్ళయింది?"