పేర్లు లేని పాటలు

మూడో సాఫ్ట్‌వేర్ కూడా చేతులెత్తేసింది. రేడియో స్టేషన్ సౌండ్ ఇంజనీరు కుర్చీ వెనక్కి జరుపుకుని తల పట్టుకుంది.

స్టేషన్లోని పాత రికార్డులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని బయటివాళ్లకు ఇచ్చారు. వాళ్లు పాటలైతే శుభ్రంగా ఎక్కించారు గానీ పేర్లు రాయలేదు. ఒకటి నుంచి ఎనిమిది వేల రెండు వందల దాకా వట్టి అంకెలే. పాడిందెవరో, రాసిందెవరో, ఏ ఏడాదిదో ఏమీ లేదు. సోమవారం నుంచి శ్రోతలు ఫోన్ చేసి అడిగిన పాటను అప్పటికప్పుడు వినిపించే కొత్త కార్యక్రమం మొదలవుతుంది. ఈ అంకెల్లో పాట వెతకడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పేర్లు వాటంతటవే నింపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా చూడమని మేనేజరు ఆమెకు పురమాయించింది. మొదట దొరికినది యాభై పాటలు కాగానే డబ్బు కట్టమంది. రెండోది ఫైలు పేరును బట్టి వివరాలు వెతికే రకం కావడంతో అంకెల్ని చూసి తెల్లమొహం వేసింది. మూడోది పాటలన్నిటినీ ఒకే గాయకుడికి అంటగట్టింది, ఆడవాళ్లు పాడిన లాలిపాటలతో సహా.

ఇక లాభం లేదని ఆమె రికార్డు గదికి వెళ్లింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గది చూసుకుంటున్న పెద్దాయనను అందరూ కేటలాగు బాబాయి అంటారు. ఎవరు ఏ పల్లవి ఎత్తినా పాట వివరాలన్నీ ఆయన నాలుక చివరే ఉంటాయి. మధ్యాహ్నం భోజనం కాగానే ముందు ఓ పాత లాప్‌టాప్ పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకుంటాడు. కునుకు తీస్తున్నాడని ఎవరూ పలకరించరు.

"బాబాయ్, ఈ సాఫ్ట్‌వేర్లతో నేను వేగలేను. మీరు పక్కన కూర్చుని పాట విని చెప్పండి, నేను టైపు చేస్తాను" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను చెబితే నేనున్నన్నాళ్లేనమ్మా. పేరు చూసి కాకుండా పాట విని పోల్చుకునే రకం ఒకటి ఉంటుంది. దాన్ని వెతుకు. దొరుకుతుంది."

పని తప్పించుకోవడానికే అలా అన్నాడనుకుని ఆమె చిన్నబుచ్చుకుంది. అయినా వెతికింది. సాయంత్రానికి నిజంగానే దొరికింది. పైసా కట్టక్కర్లేదు. అది ఒక్కో పాటా కాస్తంత వింటుంది, పోల్చుకుంటుంది, వివరాలు నింపేస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆమె దాన్ని నడిపితే తెరమీద టపటపా పేర్లు పడసాగాయి. గాయకులూ కవులే కాదు, వేణువు వాయించినవాళ్ల పేర్లు కూడా. మధ్యాహ్నానికల్లా పదకొండు పాటలు తప్ప అన్నీ నిండాయి.

ఒక్కచోట మాత్రం ఆమెకు అనుమానం వచ్చింది. రికార్డు అట్ట మీద అక్క పేరుంటే, సాఫ్ట్‌వేర్ చెల్లెలి పేరు వేసింది. అట్ట పట్టుకెళ్లి బాబాయికి చూపించబోయింది. ఆయన దానివైపు చూడనైనా లేదు.

"అట్ట మీద తప్పు పడింది. ఆ రోజు అక్కకు గొంతు బాగోక చెల్లెలు పాడింది. సాఫ్ట్‌వేర్ మాటే ఖాయం చెయ్యి."

యంత్రాన్ని ఇంతగా వెనకేసుకొస్తున్న మనిషిని చూసి ఆమెకు జాలేసింది. తన కాళ్ల కిందికి తనే నీళ్లు తెచ్చుకుంటున్నాడు.

అనుకున్నంతా అయింది. మేనేజరు వచ్చి జాబితా చూసి తెగ మెచ్చుకుంది. యంత్రమే ఇంత పని చేస్తుంటే రికార్డు గదికి వేరే మనిషి దండగ కాబట్టి, వచ్చే నెల నుంచి బాబాయిని ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమని ఆయన ఎదుటే చెప్పేసింది.

"మేడమ్, ఆయనకు తెలియని పాట లేదండీ" అంది ఇంజనీరు.

"దానికీ లేదుగా" అంది మేనేజరు.

బాబాయి తుడుస్తున్న రికార్డును పదిలంగా కవరులో పెట్టాడు. పేర్లు తప్పుల్లేకుండా పడ్డాయి, తనకదే చాలన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. భోజనం డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

మేనేజరు మాత్రం ఇంకా తెరవైపే చూస్తూ, ఇదంతా దానికి ఎవరు నేర్పి ఉంటారని అడిగింది. సాఫ్ట్‌వేర్‌కు సొంతంగా ఏమీ తెలియదనీ, పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు జీతం భత్యం లేకుండా ఊరూరా కూర్చుని నింపిన ఉమ్మడి జాబితాలోంచే అది తీసుకుంటుందనీ ఇంజనీరు చెప్పింది. చెబుతూనే తమ పాటల వివరాలు ఎవరు నింపారో చూసింది. ఎనిమిది వేల పైచిలుకు పాటలకూ ఒకే మారుపేరు. పదకొండేళ్లుగా రోజుకు రెండో మూడో చొప్పున నింపిన మనిషి.

"ఒక్కరేనా ఇదంతా?" మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇలాంటి మనిషి మనకు కావాలి. ఏ దేశంలో ఉన్నా సరే, ఎంత జీతం అడిగినా సరే, రికార్డు గది మొత్తం చేతిలో పెడదాం. ముందు ఎవరో చూడు."

ఇంజనీరు ఆ మారుపేరు మీద నొక్కింది. పేజీ మెల్లగా తెరుచుకుంది.

ఫోటోలో కేటలాగు బాబాయి నవ్వుతున్నాడు.