సేఠ్ వదిలిన సొరచేప

కరోనా నుంచి బతికినందుకు మా సూరత్ సేఠ్ మొక్కు తీర్చుకున్నాడు. నడిసముద్రంలో లోతుగా గాలం వేయించి, సొరచేపను పట్టించి, మళ్లీ వదిలిపెట్టాడు.

నేను సెలవడగడానికి వెళ్లేసరికి ఆ వీడియో చూపిస్తున్నాడు. ఇంట్లో నా భార్య నీరజకు ఊపిరాడడం లేదు. పని ఆగకూడదని మగ్గాల షెడ్డుకు తాళం వేయించి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు సేఠ్.

“పట్టుడెందుకు, ఇడిసిపెట్టుడెందుకు సేఠ్?” అన్నాడు మగ్గం నడిపే కమలాకర్.

“పట్టకపోతే వదిలిన పుణ్యం ఎట్ల వస్తది భాయ్?”

నేను చేతులు జోడించాను. “సేఠ్, నా భార్యకు ఊపిరాడ్తలేదు. జర గేటు తియ్యుండ్రి.”

“ఆగు. నీళ్లు తాకంగనే పాపం ఎట్ల ఊపిరి తీసుకుంటదో చూడు!” సేఠ్ కళ్లు చెమర్చాయి. “ఆర్డర్ కానియ్యి. సాయంత్రం నిన్ను గూడ వదుల్త.”

మాట మీద నిలబడే మనిషి. సాయంత్రం వదిలాడు.

ఇంటికి వెళ్లేసరికి నీరజకు ఆయాసం లేదు. తల దగ్గర దీపం పెట్టారు.