సోములు మొదటి మాట

నడివీధిలో వంకాయలు బారు తీరి ఉన్నాయి.

కూర్మనాథం మోకాళ్ల మీద కూర్చుని, గంపలోంచి ఒక్కొక్కటే తీసి, తొడిమలన్నీ ఒకే వైపు ఉండేలా పేరుస్తున్నాడు. ఏడేళ్లవాడు. పుట్టి ఇంతవరకు ఒక్క మాట పలకలేదు.

తల్లి ప్రసూనాంబ ఇంట్లోంచి పరుగున వచ్చింది. వాణ్ణి లేపితే వీధి అదిరిపోయేలా కేకలు పెడతాడు. లేపకపోతే కూరలమ్మే మనిషి కేకలు పెడుతుంది.

ఆ మనిషి కేకలు పెట్టలేదు. గంప పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఉండనీ తల్లీ. వరస అయిపోతే ఆడే లెగిసిపోతాడు. మా సోములూ ఇంతే."

ఆమె అన్నట్టే వాడు పని ముగించుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆమె పేరు దేముడమ్మ. కళింగపట్నం దారిలో ఏదో పల్లె. అక్కణ్ణుంచి శ్రీకూర్మం దాకా కూరలు మోసుకొచ్చేది. ఆనాటి నుంచి ఎప్పుడొచ్చినా ప్రసూనాంబ అరుగు మీద గంప దించకుండా వెళ్లేది కాదు.

ప్రసూనాంబ భర్త త్యాగరాజు గుడిలో నాదస్వరం వాయించేవాడు. ఆ నాదం వింటే కొడుకు చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేవాడు. అందుకని తండ్రి సాధనకు ఊరి బయట తోటల్లోకి పోయేవాడు. మెల్లగా ఇంట్లో మాటలు తగ్గాయి. చుట్టాలు రావడం మానేశారు. పూర్వజన్మ పాపమని కొందరు, తల్లి పెంపకమని కొందరు అనుకున్నారు.

దేముడమ్మ అలాంటివేమీ అనేది కాదు. స్నానానికి నీళ్లు ముందు పాదాల మీద పొయ్యమంది. వాడు కళ్లలోకి చూడకపోతే ఆమెనూ వాడి కళ్లలోకి చూడొద్దంది, ఊరికే పక్కన కూర్చోమంది. తన కొడుకు సోములుతో తాను అలాగే నెట్టుకొచ్చానంది.

సోములుకు ఎనిమిదో ఏట మాటొచ్చిందట. ఇప్పుడు పెద్దవాడై నాగలి పడుతున్నాడట.

మొదట ఏమన్నాడని ప్రసూనాంబ అడిగేది. ఎన్నిసార్లు విన్నా మళ్లీ అడిగేది.

"అమ్మా అన్నాడు. నాను సేలో ఉన్నాను. ఎనకనుంచి అన్నాడు. తిరిగి సూస్తే నవ్వుతన్నాడు."

చెబుతున్నంతసేపూ దేముడమ్మ ముఖం వెలిగిపోయేది. వింటున్నంతసేపూ ప్రసూనాంబ తన వెనక నుంచి అలాంటి పిలుపు కోసం చెవి ఒగ్గేది.

కూర్మనాథానికి ఎనిమిది నిండాయి. తొమ్మిదీ వచ్చింది.

పంధొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, గుళ్లో డోలోత్సవం నాడు వాడు జనంలో తప్పిపోయాడు. ఎండలో పేరు పెట్టి పిలుస్తూ ప్రసూనాంబ ఊరంతా తిరిగింది. ఆఖరికి వాడు వాళ్ల పెరటి గోడ వెనకే కూర్చుని కనబడ్డాడు. ఆమె పిలుపులన్నీ వినే ఉంటాడు. పలకలేదు.

మర్నాడు దేముడమ్మ వచ్చింది. సంగతంతా విని, ధైర్యం చెప్పబోతూ మళ్లీ సోములు ఊసెత్తింది.

"చాల్లే దేముడమ్మా. నీ కొడుకు పలికాడు. నా బాధ నీకేం తెలుస్తుంది? ఇంక మా ఇంటికి రాకు."

దేముడమ్మ అరుగు మీంచి లేచింది. గంప తలకెత్తుకుని వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

ఆ వానాకాలమంతా ప్రసూనాంబ వీధి వైపు చూస్తూనే గడిపింది. తన బిడ్డను చూసి ఆప్యాయంగా నవ్విన మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు. వానలు వెలిశాక, కొడుకును వెంటబెట్టుకుని ఆ పల్లెను వెతుక్కుంటూ బయల్దేరింది.

దేముడమ్మ ఇంటి గుమ్మంలో ఆమె తోటికోడలు జగ్గమ్మ ఎదురైంది. శ్రావణంలో జ్వరం తగిలి దేముడమ్మ పోయిందని చెప్పింది.

ప్రసూనాంబ అక్కడే కూలబడి ఏడ్చింది. అన్న మాటకు మన్నించమని అడగడానికి మనిషే లేకపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, సోములుతోనైనా ఒక్క మాట మాట్లాడి వెళ్తానంది.

జగ్గమ్మ ఆమెను వింతగా చూసింది. పెరట్లోకి తీసుకెళ్లింది.

గోడ వారన ముప్పయ్యేళ్ల మనిషి కూర్చుని, వేళ్ల సందుల్లోంచి ఎండను చూస్తున్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పలేదు. కూర్మనాథం వెళ్లి, కాస్త ఎడంగా, అతని పక్కన కూర్చున్నాడు.

"ఆడితో ఏటి మాటాడతావు తల్లీ?" అంది జగ్గమ్మ. "పుట్టినకాణ్నించీ ఒక్క మాట ఆడనేదు. పక్కూర్లో సంత ఉండగా శ్రీకూర్మం దాకా ఎందుకెల్తావక్కా అని అడిగితే, ఆ ఊర్లో నా సోములు మాటాడతాడే అనీది."