వేలంలో శ్యామలమ్మ

శ్యామలమ్మ తగ్గడం లేదు.

నోవహు సోఫాలో కూర్చుని, ఫోన్ చూస్తూ గట్టిగా దగ్గాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఫోన్‌లో శ్యామలమ్మ వేలంపాట ఇంకాస్త పెంచింది. ఉల్లిపాయల చప్పుడు మళ్లీ మొదలైంది.

శ్యామలమ్మ అనే మనిషి భూమ్మీద ఎక్కడా లేదు. నోవహు భార్య గ్రేసీయే ఆ పేరుతో పాట పాడుతుంది. నోవహు పాత సైకిళ్లు కొని, బాగుచేసి, ఆన్‌లైన్‌లో వేలానికి పెడతాడు. ఎవరైనా ఒక సైకిల్ మీద మోజుపడితే శ్యామలమ్మ రంగంలోకి దిగి ధర పెంచుతుంది. నోవహు దగ్గగానే తప్పుకుంటుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆట ఇది. ఇద్దరికీ భలే సరదా. శ్యామలమ్మకు మోకాళ్ల నొప్పులనీ, డాక్టర్ వద్దన్నా సైకిల్ ఎక్కకుండా ఉండలేదనీ గ్రేసీ కథలు అల్లేది. నోవహు పడీ పడీ నవ్వేవాడు.

ప్రతి సైకిల్ గురించీ నాలుగు మంచిమాటలు రాసి సైట్‌లో పెట్టేది కూడా గ్రేసీయే. ఇప్పుడు వేలంలో ఉన్న ఈ సైకిల్ గురించి మాత్రం నోవహు తనే రాసుకున్నాడు.

"దీని జోలికి రాకు. ఉదయ్ భాస్కర్ అని ఒకాయన బిడ్డ కోసం పక్కా తీస్కుంటా అంటుండు" అని ముందే చెప్పాడు.

గ్రేసీ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "రంగు బాగుంది" అంది.

అలాంటిది, ఆదివారం చర్చి నుంచి వచ్చి బిర్యానీ పనిలో పడ్డాక, పాట ముగియబోయే వేళకు శ్యామలమ్మ ఊడిపడింది.

నోవహు ఆఖరిసారి దగ్గేసరికి సమయం అయిపోయింది. సైకిల్ శ్యామలమ్మదైంది.

"ఏందే గ్రేసీ ఇది? దగ్గి దగ్గి గొంతు పోయింది నాకు!" వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాడు.

"ఫిల్టర్‌ల నీళ్లున్నయ్. తాగు."

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు బాగా ఘాటుగా ఉన్నట్టున్నాయి.

అంతలో ఉదయ్ భాస్కర్ నుంచి మెసేజ్ వచ్చింది. "నేను పాడిన ప్రతిసారీ ఈ శ్యామలమ్మే ఎందుకు వస్తోంది? ఆమె నిజంగా సైకిల్ తీసుకుందని రుజువు చూపించండి. లేకపోతే సైట్ వాళ్లకు కంప్లైంట్ ఇస్తా."

నోవహు ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. అతనికి వేరే కొట్టు లేదు. ఆ సైటే కొట్టు. దొంగపాట సంగతి బయటపడితే అకౌంట్ మూసేస్తారు.

"చూసినవా? బయటోళ్లు చేసిండ్రంటే వేరు. సొంత పెండ్లామే గిట్ల దోఖా చేస్తే ఇంక ఎవర్ని నమ్మాలె నేను?"

గ్రేసీ కత్తి కింద పెట్టింది. "నిజమే. ఎవర్ని నమ్మాలె?"

"శ్యామలమ్మ వద్దన్నదని చెప్పి, ఆయనకే ఇచ్చేస్తా."

"శ్యామలమ్మ వద్దనలే. గెలిచింది. సైకిల్ ఇంటికి తే."

"నీకేం పని దాంతోని? స్కూటీ ఉంది గదా!"

"తెస్తవా? లేకుంటే శ్యామలమ్మ ఎవరో ఉదయ్ భాస్కర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాల్నా?"

నోవహు ఆమెను ఎగాదిగా చూశాడు. నిన్నటిదాకా తన పళ్లెంలోంచి ముద్ద లాక్కుని తిన్న పిల్ల ఈమేనా?

బిర్యానీ అలాగే ఉండిపోయింది. అతను కార్ఖానా ఏరియాలోని తన గోడౌన్‌కు వెళ్లి, సాయంత్రానికి సైకిల్‌ను ట్రాలీ ఆటోలో తెచ్చి వాకిట్లో దింపాడు. కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు మెరిసిపోతోంది. ఏ సైకిల్ కనబడ్డా ముందు బెల్ కొట్టి చూసి మురిసిపోయే గ్రేసీ, ఈసారి దాన్ని ముట్టుకోలేదు.

"ఎవరిది ఇది?"

"మిలిటరీ ఆఫీసర్ బిడ్డది. వాళ్లకు ట్రాన్స్‌ఫర్ అయితే ఇంటికే పోయి కొన్న."

"ఆ పిల్లను చూసినవా?"

"చూసిన."

"ఎట్లుండె?"

నోవహుకు విషయం అర్థమైనట్టనిపించింది. కోపమంతా దిగిపోయి నవ్వాడు. "ఓహో, గిదా నీ తక్లీఫ్! నీ అంత మంచిగ లేదులే. సైకిల్ ఇచ్చేటప్పుడు జెర ఏడ్చింది, అంతే."

"బాగా ఏడ్చిందా?"

"ఏడ్వదా మరి? ఇష్టపడి కొనుక్కున్నదాయె."

"నిజంగ ఆమె చేతుల నుంచే తీస్కున్నవా?"

"ప్రభువు తోడు! దోఖా చేసింది నువ్వు, సవాళ్లు నాకా?"

గ్రేసీ హ్యాండిల్ పట్టుకుని ముందుకు తోసింది. వెనక చక్రం కదల్లేదు. దానికి తాళం వేసి ఉంది.

"ఆగాగు. తాళంచెవి పోగొట్టుకున్నరంట వాళ్లు. కోసేస్తా" అంటూ నోవహు లోపలికి వెళ్లి కట్టర్ తెచ్చాడు.

అప్పటికే వంగి కూర్చున్న గ్రేసీ, తన తాళాల గుత్తిలోని ఒక చిన్న తాళంచెవితో ఆ తాళం టక్కున తెరిచేసరికి, పెళ్లికి ముందు హాస్టల్ గేటు దగ్గర పోయిన ఆమె సైకిల్ కోసం మోండా మార్కెట్ నుంచి నేరేడ్‌మెట్ దాకా ఆమెకు తోడు తిరిగి, ఆ వెతుకులాటలోనే ఆమె మనసు గెలుచుకున్న నోవహు చేతిలో కట్టర్ అలాగే ఉండిపోయింది.